రక్తములోని వైరసు లెక్క – బిడ్డ జబ్బు తీవ్రత: డెంగీ పరిశోధనలపై ఒక విమర్శ

డెంగీ జ్వరముతో ఆసుపత్రికి వచ్చిన పిల్లలను మొదటి రెండు దినములలో చూచినచో అందరును ఒక్క తీరుగనే కనిపింతురు. ముఖము ఎర్రబారియుండును, ఒళ్లు కాలిపోవుచుండును, తలనొప్పి, ఒళ్లునొప్పులు, వాంతులు, అన్నము సహింపకపోవుట అందరికిని ఉండును. అయినను నాలుగైదు దినములు గడచునప్పటికి వారి దారులు వేరగును. ఎక్కువమందికి జ్వరము తగ్గి, ఆకలి పుట్టి, లేచి తిరుగుదురు. కొందరికి మాత్రము జ్వరము తగ్గిన గంటలలోనే కాళ్లు చేతులు చల్లబడి, నాడి సన్నగిల్లి, ప్రాణము మీదికి వచ్చును. ‘జ్వరము పోయినది’ అని తల్లి ఊపిరి పీల్చుకొను సమయమే ఈ వ్యాధిలో అసలు గండము.

ఈ రెండు తెగల పిల్లలను ముందుగనే వేరుచేసి చూపగల గుర్తు ఏదైనను రక్తములో కలదా? వైద్యులను అర్ధశతాబ్దికి పైగా వేధించిన ప్రశ్న ఇది. అట్టి గుర్తు దొరికినచో ప్రమాదమున్న బిడ్డను కనిపెట్టి గంటగంటకును చూచుకొనవచ్చును. ప్రమాదము లేని బిడ్డను ఇంటికి పంపవచ్చును. వానకాలములో ఒక్కొక్క మంచము మీద ఇద్దరేసి పిల్లలను పరుండబెట్టవలసి వచ్చు ఆసుపత్రులకు ఇది చిన్న సంగతి కాదు. థాయిలాండు పిల్లల రక్తమును పరీక్షించి 2000లోను, 2002లోను వెలువరించిన రెండు పరిశోధన పత్రములు ఈ ప్రశ్నకు ఒక సమాధానము చెప్పినవి. రక్తములో వైరసు ఎంత హెచ్చుగ ఉన్నచో జబ్బు అంత తీవ్రమగుననుట వాటి సారాంశము. ఆనాటి నుండి ఈ మాట వైద్యుల పాఠములలోనికి ఎక్కి, క్రమముగా సామాన్యుల నోటికిని వచ్చినది. ఆ పత్రములు నిజముగ ఏమి నిరూపించినవి, ఏమి నిరూపింపలేదు, వాటి పేరిట జరుగు తొందరపాటు ఏది అను మూడు విషయములు విచారింపదగినవి.

వ్యాధి స్వభావము

డెంగీ వైరసులు నాలుగు రకములు. వీటిని డెన్-1, డెన్-2, డెన్-3, డెన్-4 అని పిలుతురు. పగటిపూట కుట్టు ఈడిస్ జాతి దోమలు వీటిని ఒకరి నుండి మరియొకరికి చేర్చును. ఒక రకము సోకి తగ్గినచో ఆ రకము మరల రాకుండ శరీరమునకు రక్షణ ఏర్పడును. కాని తక్కిన మూడింటి నుండి శాశ్వతమైన రక్షణ కలుగదు. కావున ఒకే బిడ్డకు డెంగీ ఒకటి కంటె ఎక్కువమారులు రావచ్చును.

పూర్వము డెంగీ అనగా ఎముకలు విరిచినట్లు బాధించి తగ్గిపోవు జ్వరమనియే తలచెడివారు. 1954లో మనీలాలోను, 1958లో బాంకాక్‌లోను పిల్లలకు రక్తస్రావముతో, అకస్మాత్తుగా నాడి పడిపోవుటతో కూడిన క్రొత్త జబ్బు ప్రబలెను. అదియు డెంగీ వైరసుల పనియేనని తేలెను. ఈ తీవ్రరూపమునకు ముఖ్య లక్షణము రక్తము కారుట కాదు. సన్నని కేశనాళికల గోడలు బిగువు సడలి, క్రొత్త కుండ చెమర్చినట్లు రక్తములోని ద్రవభాగమును, అనగా ప్లాస్మాను, బయటకు విడుచుటయే. ఆ ద్రవము పొట్టలోను, ఊపిరితిత్తుల చుట్టును చేరును. నాళములలో మిగిలిన రక్తము చిక్కబడును. గుండె తోడుటకు తగినంత ద్రవము లేక రక్తపు ఒత్తిడి పడిపోవును. ఇది సాధారణముగ జ్వరము దిగు వేళలో మొదలై ఒకటి రెండు దినములు సాగి, తనంతట తానే ఆగును. ఆ కొద్ది గంటలు బిడ్డకు సరియైన పాళములో ద్రవములు ఎక్కించి నిలబెట్టగలిగినచో ప్రాణము దక్కును. తగిన వైద్యము లేనిచోట తీవ్ర డెంగీలో నూటికి ఇరువదిమంది వరకు మరణింపవచ్చుననియు, మంచి వైద్యము ఉన్నచోట అది నూటికి ఒకరికంటె తక్కువకు దిగుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కావున ముందుగ తెలియుటలో ఉన్న లాభము పిల్లల ప్రాణములతో కొలువదగినది.

మొదటి పరిశోధన

బాంకాక్‌లోని శిశు వైద్యాలయమును, ఉత్తరమున కాంఫేంగ్ ఫెట్ పట్టణపు ఆసుపత్రియు రంగస్థలములుగ, థాయి వైద్యులును అమెరికా పరిశోధకులును కలిసి 1994లో ఒక పెద్ద పరిశోధనకు పూనుకొనిరి. సుచిత్ర నిమ్మానిత్య, సిరిపెన్ కలయనారూజ్ వంటి అనుభవజ్ఞులైన శిశు వైద్యులు అందులో పాల్గొనిరి. దాని ఫలితములలో ప్రధానమైనది డేవిడ్ వాన్ మొదలగువారు 2000లో జర్నల్ ఆఫ్ ఇన్ఫెక్షస్ డిసీజెస్ పత్రికలో ప్రకటించిన పత్రము.

ఈ పరిశోధన పద్ధతిని మొదట మెచ్చుకొనవలెను. అంతకు పూర్వపు పరిశోధనలు ఎక్కువగ జబ్బు ముదిరిన పిల్లలను చూచి, వెనుకకు తిరిగి కారణములు వెదకినవి. ఇల్లు కాలిన తరువాత నిప్పు ఎక్కడ రాజుకొన్నదో వెదకుట వంటిది అది. ఈ పరిశోధకులు అట్లు చేయలేదు. జ్వరము వచ్చి 72 గంటలు దాటని పిల్లలను, ఎవరికి జబ్బు ముదురునో ఎవరికిని తెలియకముందే చేర్చుకొనిరి. దినదినము రక్తము తీసి భద్రపరచిరి. జ్వరము తగ్గిన మరునాడు బిడ్డను కుడిప్రక్కకు పరుండబెట్టి ఎక్స్-రే తీసి, ఊపిరితిత్తి ప్రక్కన చేరిన నీటిని కొలిచిరి. దీనివలన ‘జబ్బు తీవ్రమైనది’ అను మాట వైద్యుని అభిప్రాయముగ మిగిలిపోక కొలతకు లొంగినది.

వైరసును కొలిచిన విధానము విద్యార్థులకు ఆసక్తికరముగ ఉండును. టాక్సోరింకైటిస్ అను పెద్ద దోమలు కలవు. ఇవి మనుష్యుల రక్తము త్రాగవు. పూలతేనె మీద బ్రతుకును. కావున ప్రయోగశాలలో తప్పించుకొన్నను ఎవరికిని వైరసును అంటింపవు. బిడ్డ ప్లాస్మాను పదింతలు, నూరింతలు, వేయింతలు పలుచన చేసికొనుచు, ఒక్కొక్క పలుచనను కొన్ని దోమల రొమ్ములోనికి సూదితో ఎక్కింతురు. ఏ పలుచన వద్ద సగము దోమలు వైరసు పట్టి, సగము తప్పించుకొనునో చూచి, దానినుండి ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో దోమను సోకించగల మాత్రలెన్ని ఉన్నవో లెక్కకట్టుదురు. ఇది శ్రమతో కూడిన పని; కాని సజీవమైన వైరసును మాత్రమే లెక్కించును గనుక నమ్మదగినది.

మొత్తము 168 మంది పిల్లల ప్లాస్మా నుండి వైరసును పట్టగలిగిరి. వారిలో 46 మందికి డెన్-1, 47 మందికి డెన్-2, 47 మందికి డెన్-3, 28 మందికి డెన్-4 సోకియుండెను. వైరసు హెచ్చుగ ఉండుట, ఇది రెండవమారు సోకుట, సోకినది డెన్-2 అగుట అను మూడును తీవ్రతతో జంటగ కనిపించినవి. వైరసు పరాకాష్ఠకు చేరినప్పటి సగటు లెక్క మామూలు డెంగీ జ్వరములో 10 యొక్క 7.6వ ఘాతము, రక్తస్రావక డెంగీలో 10 యొక్క 8.5వ ఘాతము.

లెక్క చెప్పునది, చెప్పనిది

లాగరిథములు చదివిన విద్యార్థి ఈ రెండు సంఖ్యలను విప్పి చూడవచ్చును. మొదటిది సుమారు 4 కోట్లు. రెండవది సుమారు 31 కోట్ల 60 లక్షలు. ఘాతములలో 0.9 తేడా అనగా ఎనిమిది రెట్లు. ఈ తేడా యాదృచ్ఛికముగ వచ్చుటకు అవకాశమెంత అను ప్రశ్నకు పత్రము 0.01 అను విలువ నిచ్చినది. రెండు గుంపుల మధ్య వాస్తవముగ ఏ భేదమును లేనప్పుడు, ఇంతటి లేక ఇంతకు మించిన తేడా కేవలము అదృష్టవశమున కనబడుట నూటికి ఒకమారు జరుగునని దీని అర్థము. కావున ఫలితము గాలిమాట కాదు.

ఇక విమర్శ. మొదటిది, ఈ సగటులు 168 మందివి కావు. పరాకాష్ఠను గుర్తింపగలిగిన 31 మందివి మాత్రమే. ఈ సంగతి పత్రములోనే స్పష్టముగ చెప్పబడినది. దాచినది ఏదియు లేదు. కాని దానిని ఉదాహరించువారిలో పలువురు ఈ మాటను విడిచిపెట్టుచున్నారు. కొండ శిఖరమును చూచితిమని చెప్పవలెనన్నచో దానికి ముందు ఎత్తును, దాని తరువాత పల్లమును చూచియుండవలెను. డెంగీలో వైరసు జ్వరము వచ్చిన మొదటి రెండు మూడు దినములలోనే శిఖరమునకు చేరి దిగిపోవును. రెండవ దినమున వచ్చిన బిడ్డకు ఇది దొరకవచ్చును. మూడవ దినమున వచ్చిన బిడ్డ అప్పటికే వాలు దిగుచుండును. ఆసుపత్రికి చేరిన పిల్లలలో అధికులు శిఖరము దాటి వచ్చినవారే యైనప్పుడు, ఆ శిఖరపు ఎత్తును ఆధారము చేసికొని జోస్యము చెప్పుట ఎంతవరకు పనికివచ్చును? పరిశోధనకు పనికివచ్చిన కొలత చికిత్సకు అందని ద్రాక్ష కావచ్చును.

రెండవది, సగటు వేరు, బిడ్డ వేరు. పదవ తరగతి విద్యార్థుల సగటు ఎత్తు ఎనిమిదవ తరగతి వారి సగటుకంటె ఎక్కువ. అంతమాత్రమున ఒక విద్యార్థి ఎత్తును చూచి అతడు ఏ తరగతియో నిశ్చయముగ చెప్పగల ఉపాధ్యాయుడు లేడు. ఎనిమిదిలో పొడుగరులు ఉందురు. పదిలో పొట్టివారు ఉందురు. వైరసు లెక్క ఒక్కొక్క బిడ్డలో పదింతలు, నూరింతలు మారు వస్తువు. అట్టిదానిలో ఎనిమిది రెట్ల సగటు తేడా గుంపులను వేరుచేయును గాని మంచము మీది బిడ్డను వేరుచేయజాలదు.

మూడవది, ఇది ఆసుపత్రికి వచ్చిన పిల్లల కథ. కాంఫేంగ్ ఫెట్ పాఠశాలల పిల్లలను 1998 నుండి ఏండ్ల తరబడి కనిపెట్టి చూచిన మరియొక పరిశోధనలో, డెంగీ సోకినవారిలో దాదాపు సగము మందికి చెప్పుకోదగిన జబ్బే కనబడలేదు. ఆ నిశ్శబ్దపు పిల్లలు ఆసుపత్రి లెక్కలోనికి రారు. వారు లేని లెక్కతో ‘వైరసు ఇంత ఉన్నచో జబ్బు ఇంత’ అని సూత్రము గీచుట, పరీక్ష వ్రాసి తప్పినవారిని, రెండవ శ్రేణిలో నెగ్గినవారిని మాత్రమే చూచి విద్యాలయమంతటిని తూచుట వంటిది.

రెండవ పరిశోధన: ఎన్.ఎస్.1

డెంగీ వైరసు పది ప్రోటీనులను తయారుచేయును. వాటిలో మూడు వైరసు దేహమును నిర్మించునవి. తక్కిన ఏడు పనిముట్లు. ఆ ఏడింటిలో మొదటిది ఎన్.ఎస్.1. ఇది వైరసు పట్టిన జీవకణముల నుండి రక్తములోనికి స్రవించును. దోమలకు సూది వేయనక్కరలేకుండ, సాధారణమైన రంగు మారు పరీక్షతో దీనిని కొలువవచ్చును. కర్మాగారము కనబడకున్నను గొట్టము నుండి వచ్చు పొగను చూచి లోపల పని జరుగుచున్నదని తెలిసికొనునట్లు, దీనిని బట్టి వైరసు ఉత్పత్తిని అంచనా కట్టవచ్చును.

డేనియల్ లిబ్రాటీ మొదలగువారు 2002లో, అదే థాయి పరిశోధన క్రమములోని 32 మంది డెన్-2 పిల్లల ప్లాస్మాలో దీనిని కొలిచిరి. ఎన్.ఎస్.1 మోతాదు వైరసు లెక్కతో కలిసి నడచినదనియు, రక్తస్రావక డెంగీ వచ్చిన పిల్లలలో ఎక్కువగ ఉన్నదనియు కనుగొనిరి. జ్వరము వచ్చిన 72 గంటలలోపల మిల్లీలీటరుకు 600 నానోగ్రాములు లేక అంతకు మించి ఉన్నచో ఆ బిడ్డకు ప్రమాదము హెచ్చని ఒక హద్దును కూడ సూచించిరి.

ఇది నిజముగ ముందడుగే. గండము దాపురించుటకు ముందే, సులభమైన పరీక్షతో, ఒక సంఖ్యను చేతికిచ్చిన పత్రమిది. అయినను ఆ సంఖ్యను తెచ్చి ప్రతి ఊరి ఆసుపత్రి గోడకు అతికించుటకు వీలులేదు. అందులకు నాలుగు హేతువులు కలవు.

ఒకటి, సంఖ్య చిన్నది. 32 మందిలో ఒక్క బిడ్డ అటునుండి ఇటు మారినచో నూటికి మూడు పాళ్లు మారును. రెండు, ఈ హద్దు ఈ 32 మంది నుండి వచ్చినదే. ఒక దర్జీ ఒక బిడ్డ కొలతకు చొక్కా కుట్టి, అది ఆ బిడ్డకు సరిపోయినదని చూపుటలో ఆశ్చర్యము లేదు; వేరొక బిడ్డకు తొడిగి చూచినప్పుడే దాని సంగతి తేలును. మూడు, వీరందరిది డెన్-2 రకము. తక్కిన రకములు అంతే ఎన్.ఎస్.1ను విడుచునని దీనివలన చెప్పలేము. నాలుగవది అన్నింటికంటె సూక్ష్మమైనది. రెండవమారు డెంగీ సోకిన బిడ్డ రక్తములో పాత ప్రతిరక్షకములు సిద్ధముగ ఉండి ఎన్.ఎస్.1ను పట్టుకొనును. అట్లు పట్టుబడినది పరీక్షకు చిక్కదు. కావున రెండవమారు సోకినవారిలో ఎన్.ఎస్.1 త్వరగా మాయమగును. పరీక్షయు తరచుగ తప్పును. తీవ్రమైన జబ్బుకు ఎక్కువ గురియగువారు వీరే! అనగా ఎవరిని గూర్చి హెచ్చరిక అత్యవసరమో వారి విషయములోనే గంట సన్నగ మ్రోగు ప్రమాదము కలదు.

ఇవికాక ఒక అంకగణిత ధర్మము కూడ కలదు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో లెక్కగ చేయించదగును. ఒక పరీక్ష తీవ్రమగు పిల్లలలో నూటికి 80 మందిని పట్టుననియు, తీవ్రము కాని పిల్లలలో నూటికి 20 మందిని పొరపాటున పట్టుననియు ఊహింతము. పెద్ద ఆసుపత్రిలో 100 మంది పిల్లలలో 50 మందికి జబ్బు ముదురునది అనుకొందము. పరీక్ష 40 మందిని సరిగను, 10 మందిని తప్పుగను పట్టును. పట్టిన 50లో 40 నిజము. అనగా నూటికి 80. ఇదే పరీక్షను ఊరి వైద్యశాలకు తెత్తము. అక్కడ 1000 మంది డెంగీ పిల్లలలో 50 మందికే ముదురును అనుకొందము. పరీక్ష 40 మందిని సరిగ పట్టును; కాని తక్కిన 950లో 190 మందిని తప్పుగ పట్టును. పట్టిన 230లో నిజము 40. అనగా నూటికి సుమారు 17. పైగా 10 మంది ప్రమాదములో ఉన్నవారు ‘భయము లేదు’ అను చీటీతో ఇంటికి పోవుదురు. పరీక్ష మారలేదు, జనము మారినది. పెద్ద ఆసుపత్రిలో పండితుడైన పరీక్ష ఊరిలో పామరుడగుట ఇట్లు.

కారణమా, గుర్తా?

వైరసు ఎక్కువగ ఉండుట తీవ్రతకు కారణమా, లేక రెండింటిని కలిగించు మూడవ వస్తువు వేరే ఉన్నదా? డెంగీ విషయములో అట్టి మూడవ వస్తువు బలముగ అనుమానింపబడుచున్నది. 1960లలో బాంకాక్‌లో పనిచేసిన స్కాట్ హాల్‌స్టెడ్, తీవ్రమైన జబ్బు రెండవమారు సోకిన పిల్లలలోను, తల్లి నుండి డెంగీ ప్రతిరక్షకములను పొందిన పసివారిలోను అధికముగ వచ్చుటను గమనించెను. చాలినంత బలము లేని పాత ప్రతిరక్షకములు వైరసును చంపుటకు బదులు దానిని మోసికొనిపోయి రక్తకణములలో ప్రవేశపెట్టునని ఆయన వాదించెను. కావలివాడే దొంగకు తలుపు తీసినట్లని దీని తాత్పర్యము. నికరాగువా దేశపు పిల్లలను ఏండ్ల తరబడి గమనించి 2017లో ప్రకటించిన పరిశోధనలో, ప్రతిరక్షకములు బొత్తిగ లేనివారికి గాని సమృద్ధిగ ఉన్నవారికి గాని కాక, మధ్యస్థముగ ఉన్నవారికే తీవ్ర డెంగీ ప్రమాదము హెచ్చని తేలినది.

ఇట్లైనచో వైరసు లెక్కయు, జబ్బు తీవ్రతయు ఒకే వేరు నుండి మొలచిన రెండు కొమ్మలు కావచ్చును. మరియొక విషయము ఆలోచింపవలెను. ప్లాస్మా కారు వేళకు రక్తములోని వైరసు చాలవరకు తగ్గిపోయియుండును. నిందితుడు వెళ్లిపోయిన తరువాత నేరము జరుగుచున్నదన్నమాట. కావున వైరసు మొదలుపెట్టిన కలకలమును శరీరపు స్వంత రక్షణయే అతిగా పెంచి నాళములకు చేటు తెచ్చుచున్నదని పలువురు తలంచుచున్నారు. దీనికి ఎదురుగ 2015లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నుండియు, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుండియు వెలువడిన పరిశోధనలు, ఎన్.ఎస్.1 తానే నాళముల గోడలను సడలింపగలదని ప్రయోగములలో చూపినవి. అట్లైనచో అది కేవలము పొగ కాదు, నిప్పులో కొంత భాగమే.

ఈ తగవు తీర్చుటకు సూటియైన మార్గము ఒకటే: మందుతో వైరసును తగ్గించి, జబ్బు తగ్గునా అని చూచుట. వియత్నాములో బాలపిరవిర్‌తోను, సింగపూరులో సెల్గోసివిర్‌తోను పెద్దవారిలో ఇట్లు ప్రయత్నించిరి. మొదటిదాని ఫలితము 2013లోను, రెండవదాని ఫలితము 2014లోను ప్రకటింపబడినవి. ఆ మందులు వైరసునే తగ్గింపలేకపోయినవి. కావున అసలు ప్రశ్నకు జవాబు రాలేదు. వైరసును తగ్గించినను ప్రయోజనము లేదని వీటినుండి చెప్పుటయు, ఉన్నదని చెప్పుటయు రెండును తప్పే.

తరువాతి సాక్ష్యము

థాయి పత్రములను ఇంతగా శోధించిన పిమ్మట వాటికి న్యాయము చేయుటయు అవసరము. చిన్న పరిశోధనలలో కనబడిన తేడా పెద్ద పరిశోధనలలో కరగిపోవుట విజ్ఞానశాస్త్ర చరిత్రలో సాధారణము. ఇక్కడ అట్లు కాలేదు. వియత్నాములో వేర్వేరు అధ్యయనములలో చేరిన 5642 మంది రోగుల వివరములను కలిపి 2021లో ఒక విశ్లేషణ వెలువడినది. జ్వరపు దినములలో ప్లాస్మాలోని వైరసు హెచ్చుగ ఉన్నవారికి ప్లాస్మా కారుటయు, తీవ్ర డెంగీయు ఎక్కువగ వచ్చినవనియు, సోకిన రకము ఏదైనను, మొదటిమారు సోకినను రెండవమారు సోకినను ఈ సంబంధము నిలిచినదనియు అది చూపినది. కావున 31 మందిలో పరాకాష్ఠను చూచి వాన్ బృందము పట్టిన దిక్కు సరియైనదే. వారి దిక్సూచి తప్పలేదు. దిక్సూచిని చూచి గమ్యమింకెన్ని క్రోసులో చెప్పబూనుటయే తప్పు. ఆ తప్పు వారిది కాదు, వారిని ఉదాహరించినవారిది.

గుంపు మీద నిజమైనది ఒక్కరి మీద జోస్యము కానక్కరలేదను ఈ సంగతి డెంగీకే పరిమితము కాదు. రక్తములో ఏ గుర్తును గూర్చి ‘ఇది తీవ్రతను తెలుపును’ అని చదివినను అడుగవలసిన ప్రశ్నలు ఇవియే: ఎంతమందిలో చూచిరి? జబ్బు ఏ దినమున చూచిరి? ఎవరిని చూడలేదు? హద్దును క్రొత్తవారిపై పరీక్షించిరా? గుర్తు తగ్గినచో జబ్బు తగ్గినదా?

ఆచరణలో

తెలుగు జిల్లాలలోను వానలు పడినది మొదలు డెంగీ మాట వినవచ్చును, ఎన్.ఎస్.1 పరీక్ష పేరు ఎరుగని తల్లిదండ్రులు అరుదు. ఈ పరీక్ష జ్వరము వచ్చిన మొదటి అయిదు దినములలో డెంగీని నిర్ధారించుటకు ఉపయోగపడును. ఆ పని అది చక్కగ చేయును. కాని సాధారణముగ చేతికి వచ్చు చీటీ మీద ‘ఉన్నది’, ‘లేదు’ అనియే ఉండును, మోతాదు ఉండదు. ‘ఉన్నది’ అని వచ్చినంత మాత్రమున బిడ్డకు గండమని భయపడుటయు, ‘లేదు’ అని వచ్చినంత మాత్రమున నిశ్చింతగ ఉండుటయు రెండును పైన చెప్పిన పరిశోధనలకు విరుద్ధము. రెండవమారు సోకిన బిడ్డ విషయములో ఆ ‘లేదు’ అను మాట ఎంత బలహీనమో ఇంతకుముందే చూచితిమి. ప్లేట్‌లెట్ల సంఖ్య విషయములోను ఇట్టి తొందరపాటే కనబడును. రక్తస్రావము లేకున్నను కేవలము సంఖ్య తగ్గినదని ప్లేట్‌లెట్లు ఎక్కించుట వలన పెద్దవారిలో రక్తస్రావము తగ్గలేదని సింగపూరు, మలేషియాలలో జరిగి 2017లో ప్రకటింపబడిన పరిశోధన చూపినది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించిన మార్గదర్శకములు రక్తములోని ఏ ఒక్క వైరసు గుర్తు మీదను ఆధారపడలేదు. కంటికి కనబడు హెచ్చరికలను చెప్పినవి: కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి గాని ముక్కు నుండి గాని రక్తము, బిడ్డ మగతగ గాని చికాకుగ గాని ఉండుట, కాలేయము పెరుగుట, పొట్టలో గాని ఊపిరితిత్తుల చుట్టు గాని నీరు చేరుట, రక్తము చిక్కబడుచు ప్లేట్‌లెట్లు వేగముగ తగ్గుట. వీటిలో పెక్కింటిని ఇంటివద్ద తల్లియే చూడగలదు. జ్వరము దిగిన దినమున వీటిని ఇంకను శ్రద్ధగ చూడవలెను. ఖరీదైన యంత్రము చెప్పలేని సంగతిని, గంటగంటకు బిడ్డ చేయి పట్టి చూచు నర్సు చెప్పగలుగుట ఈ వ్యాధిలో నేటికిని నిజము.

వైరసు గుర్తుల పరిశోధన వృథా అని దీని భావము కాదు. వైరసు హెచ్చుగ ఉండు కాలము మొదటి రెండు మూడు దినములేనని ఆ పరిశోధనలే తెలిపినవి. వైరసును అణచు మందు ఎన్నడైన వచ్చినచో దానిని ఎప్పుడు ఇయ్యవలెనో దానివలననే తెలియును. ప్లాస్మా కారుట మొదలైన పిమ్మట అట్టి మందు ఇచ్చుట వరద వెళ్లిన తరువాత గట్టు వేయుట వంటిది. థాయిలాండు పిల్లలు దినదినమును ఇచ్చిన రక్తపు చుక్కలు నేర్పిన అసలు పాఠము ఇది. అవి జోస్యము చెప్పలేదు, సమయమును చెప్పినవి. ఆ రెండింటికి గల భేదమును తెలిసికొన్న పాఠకుడు ఏ పరిశోధన పత్రమునైనను మోసపోక చదువగలడు.